మిగిలిన మూడింటికి మేలుకొలుపు

నాలుగు ప్రాసెసర్లు గల యంత్రానికి విద్యుత్తు అందిన తొలి క్షణంలోనే ఆ నాలుగూ ఒక్కమారుగా పనిలోకి దిగుతాయని నేను చాలాకాలం అనుకున్నాను. నాతో చదివినవారిలో పెక్కుమంది అట్లే అనుకునేవారు. మీట నొక్కగానే హాలులోని దీపాలన్నీ వెలిగినట్లు ఇవీ వెలుగుతాయని మా ఊహ. ఆ ఊహ తప్పని పుస్తకంలో చదివి తెలుసుకోవడం వేరు, చేతులు కాల్చుకుని తెలుసుకోవడం వేరు. నాకు రెండవదే ప్రాప్తించింది. అయితే కాలినవి నా చేతులు మాత్రమే కావు. ప్రాజెక్టులో నాకు జంటగా పనిచేసిన సహాధ్యాయిని చేతులు నాకంటె ఎక్కువ కాలాయి. ఆ సంగతి ఈ సంచికలో చెప్పవలసిన బాధ్యత నాపై ఉన్నది.

యంత్రం మేల్కొన్న తొలి క్షణాలలో పనిని పంచి ఇచ్చే వ్యవస్థ అంటూ ఏదీ ఉండదు. మెమరీలో ఏ భాగం ఎవరిదో నిర్ణయం కాలేదు. లెక్క మధ్యలో విలువలను దాచుకోవడానికి ప్రతి ప్రాసెసర్‌కూ స్టాక్ అనే చోటు ఒకటి కావాలి. దాన్ని ఇంకా ఎవరూ కేటాయించలేదు. నాలుగూ ఒకే స్టాక్‌పై పడితే ఒకటి దాచినది మరొకటి చెరిపివేస్తుంది. కావున ఒకటి ముందుగా లేచి ఇల్లు సర్దాలి, మిగిలినవి ఆగాలి. ఆగినవాటిని ద్వితీయ ప్రాసెసర్లు అంటారు. అవి ఎక్కడ ఆగుతాయి? ఎవరు పిలిస్తే కదులుతాయి? కదిలిన పిమ్మట తొలి అడుగు ఎక్కడ వేస్తాయి? ఈ మూడు ప్రశ్నలకు ఒక్కొక్క యంత్రజాతి ఒక్కొక్క విధంగా సమాధానం చెప్పుకున్నది.

మా ప్రాజెక్టు ఆ సమాధానాలను పోల్చి చూడడమే. అన్ని జాతుల యంత్రాలను కొనే స్తోమతు ఎక్కడిది? అందుకే ఎమ్యులేటర్‌ను ఆశ్రయించాము. ఒక యంత్రం లోపల మరొక యంత్రాన్ని కేవలం ప్రోగ్రాముతో నిర్మించి చూపే సాధనం అది. మేము వాడిన క్యూఎమూను ఫ్రెంచి దేశస్థుడైన ఫబ్రీస్ బెలార్ 2003లో ప్రారంభించాడు. నాలుగు ప్రాసెసర్లు కావాలని ఆజ్ఞలో ఒక అంకె వేస్తే చాలు, నాలుగు సిద్ధమవుతాయి. ఎనిమిది అంటే ఎనిమిది. ఇంత ఉదారంగా ఇచ్చే చేతిని అనుమానించాలన్న బుద్ధి ఎవరికి పుడుతుంది?

మొదట ఇంటెల్ జాతిని చూశాము. అక్కడ ఎంపికైన ఒక ప్రాసెసర్ నాలుగు గిగాబైట్ల అంచుకు 16 బైట్లు దిగువన ఉన్న చిరునామా నుంచి పని మొదలుపెడుతుంది. తక్కినవి పిలుపు కోసం ఆగి ఉంటాయి. పిలిచే విధానం 1997 నాటి మల్టీప్రాసెసర్ నిర్దేశ గ్రంథంలో వివరంగా ఉన్నది. ముందుగా 'ఇనిట్' అనే సంకేతం పంపాలి, 10 మిల్లీసెకన్లు ఆగాలి, పిదప 'స్టార్టప్' అనే సంకేతం పంపాలి, 200 మైక్రోసెకన్లు ఆగి అదే సంకేతాన్ని మరొకమారు పంపాలి. ఈ స్టార్టప్ సంకేతంలోనే చిరునామా ఇమిడి ఉండడం నాకు ఎంతో నచ్చింది. సంకేతంలో ఒక్క బైటు ఉంటుంది. దాన్ని 4096తో హెచ్చవేస్తే వచ్చే చోట ఆ ప్రాసెసర్ తొలి అడుగు వేస్తుంది. ఒక్క బైటులో 256 విలువలే పడతాయి గనుక ఆ చోటు మెమరీలోని మొదటి మెగాబైటు దాటిపోదు. ఎన్నో గిగాబైట్ల మెమరీ ఉన్న నేటి యంత్రంలో కూడా ద్వితీయ ప్రాసెసర్ పాతకాలపు 16 బిట్ల స్థితిలో ఆ ఇరుకు గదిలోనే కళ్ళు తెరుస్తుంది. అక్కడినుంచి మెట్టు మెట్టుగా ఎక్కి రావాలి. పిలుపు రెండుమార్లు ఎందుకని మేము చాలాసేపు తర్కించుకున్నాము. ఎమ్యులేటర్ మూలపాఠం తెరిచి చూస్తే అక్కడ ఒక చిన్న గుర్తు ఉన్నది: ఈ ప్రాసెసర్ స్టార్టప్ కోసం నిరీక్షిస్తున్నదా లేదా అని. మొదటి పిలుపుతో ఆ గుర్తు చెరిగిపోతుంది. రెండవ పిలుపు వచ్చేసరికి నిరీక్షణ లేదు గనుక దాన్ని విని ఊరకుంటుంది. ఆ 10 మిల్లీసెకన్లు, 200 మైక్రోసెకన్లు కూడా అక్కడ అక్కరలేదు. అసలు యంత్రానికి విధించిన నియమాలలో కొన్ని ఎమ్యులేటర్‌లో పాటించకపోయినా చెల్లుతాయని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి కూడా దాని అర్థం తలకెక్కలేదు.

రిస్క్-ఫైవ్ జాతిలో పద్ధతి వేరు. అక్కడ ప్రాసెసర్‌ను 'హార్ట్' అంటారు. గుండె కాదు, హార్డ్‌వేర్ థ్రెడ్ అన్న మాటకు పొట్టి రూపం. ఎమ్యులేటర్‌లో ఆ హార్టులన్నీ కలిసే బయలుదేరుతాయి. ఓపెన్ ఎస్‌బీఐ అనే ఫర్మ్‌వేర్ వాటికి లాటరీ పెడుతుంది. మెమరీలోని ఒక గదిని ముందుగా ముట్టుకున్నది ఇల్లు సర్దే పనికి ఎంపికవుతుంది, మిగిలినవి ఆగుతాయి. ఎంఐటీ వారు విద్యార్థుల కోసం రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న వ్యవస్థలో లాటరీ కూడా లేదు. సున్న సంఖ్య గల హార్టు సర్దుబాటు పూర్తిచేసి 'స్టార్టెడ్' అనే చలరాశిలో 1 వేస్తుంది. అది సున్నగా ఉన్నంతవరకు తక్కినవి దాన్నే చూస్తూ గిరగిర తిరుగుతాయి. మామూలుగా మూడు హార్టులతో నడుస్తుంది. ఒకమారు రెండవ హార్టు వచ్చినట్లు ముందు పడింది, ఒకటవది తరువాత పడింది. మరొకమారు నడిపితే క్రమం మారింది. ఆ మార్పును చూడడానికి ఆ సాయంత్రం ఎన్నిమార్లు నడిపామో లెక్కలేదు.

క్యూఎమూలో 'విర్ట్' అనే పేరుతో ఒక ఆర్మ్ యంత్రం ఉన్నది. ఏ దుకాణంలోనూ దొరకదు. ఎమ్యులేటర్ కోసమే ఊహించిన యంత్రం. అందులో ద్వితీయ ప్రాసెసర్లు ఆపివేసిన స్థితిలో పుడతాయి. మొదటి ప్రాసెసర్ పీఎస్‌సీఐ అనే ఒప్పందం ప్రకారం ఒక విన్నపం చేయాలి. ఏ ప్రాసెసర్‌ను లేపాలి, అది ఏ చిరునామాలో మొదలుపెట్టాలి, లేచేటప్పుడు దాని మొదటి రిజిస్టర్‌లో ఏ విలువ ఉంచాలి అని మూడు విషయాలు చెప్పాలి. అసలు బోర్డుపై ఈ విన్నపాన్ని ఫర్మ్‌వేర్ వింటుంది. ఎమ్యులేటర్‌లో మనం వేరే ఫర్మ్‌వేర్ పెట్టకపోతే ఎమ్యులేటరే స్వయంగా విని జవాబు చెబుతుంది. లేచి ఉన్నదాన్నే లేపమంటే మైనస్ 4 అని తిప్పికొడుతుంది. సరైన విన్నపమైతే ఏం చేస్తుందో మూలపాఠంలో చూశాము. ఆ ప్రాసెసర్‌ను తొలి స్థితికి తెస్తుంది, తరువాతి ఆజ్ఞ చిరునామాను దాని పద్దులో రాస్తుంది, కోరిన విలువను మొదటి రిజిస్టర్‌లో ఉంచుతుంది, 'ఆగి ఉన్నది' అన్న గుర్తును తీసివేస్తుంది. అంతే. విద్యుత్తు ఇవ్వడం లేదు, గడియారం కలపడం లేదు. ప్రాసెసర్ అని మనం పిలిచేది అక్కడ మెమరీలోని ఒక పద్దు పుస్తకం. లేవడమంటే అందులో నాలుగు పంక్తులు మారడం.

ఒకే కాలంలో నడవడం అన్నది కూడా చాలాకాలం కంటికి కనిపించిన భ్రమయే. 2017లో వచ్చిన 2.9 కూర్పు వరకు, ఆజ్ఞలను తర్జుమా చేసి నడిపే పద్ధతిలో ఎమ్యులేటర్ ప్రాసెసర్లన్నిటినీ ఒకే దారంపై వంతులవారీగా నడిపేది. ఆ కూర్పునుంచి ఒక్కొక్క ప్రాసెసర్‌కు ఒక్కొక్క దారం ఇచ్చే వీలు కలిగింది.

ఇక మా బోర్డు సంగతి. ప్రయోగశాలలో రాస్ప్‌బెర్రీ పై 3 ఒకటి ఉన్నది. ఒకటే ఉన్నది. మిగిలిన జాతులను ఎమ్యులేటర్‌పై చూపినా, కనీసం ఒకదాన్ని నిజమైన యంత్రంపై చూపాలని మా పర్యవేక్షకులు కోరారు. ఆ బోర్డును నా సహాధ్యాయిని తన పేరున రిజిస్టరులో సంతకం చేసి తీసుకున్నది. క్యూఎమూలో అదే బోర్డుకు అనుకరణ కూడా ఉన్నది గనుక ముందు అక్కడ రాసి పిమ్మట బోర్డుకు ఎక్కిద్దామనుకున్నాము.

తొలి ప్రయత్నంలో 'ఆదాబ్' అన్న ఒక్క మాటను తెరపై వేయమన్నాము. ఆ మాట పడలేదు. దానిలోని అక్షరాలే నాలుగు మార్లు, కలగాపులగంగా, ముందువి వెనుక వెనుకవి ముందుగా పడినవి. మేము ఇచ్చిన ఫైలు ఈఎల్‌ఎఫ్ రూపంలో ఉన్నందువల్ల ఎమ్యులేటర్ నాలుగు ప్రాసెసర్లనూ నేరుగా మా ప్రోగ్రాము మొదటి పంక్తికే పంపింది. నలుగురు ఒకేమారు ఒకే గడపలో నిలబడి సలాం చేసినట్లయింది. ఆమె నవ్వి, "తహజీబు ఉన్నది, వరుస లేదు" అన్నది. అదే ప్రోగ్రామును బోర్డుకు ఇచ్చే కెర్నల్ బింబం రూపంలోకి మార్చి ఇస్తే, ఎమ్యులేటర్ బోర్డు ఫర్మ్‌వేర్‌ను అనుకరించి ఒక్క ప్రాసెసర్‌ను మాత్రమే మాకు పంపింది. మిగిలిన మూడింటిని తన చిన్న వలయంలో ఉంచింది.

ఆ వలయం ఎట్లా ఉంటుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా తప్పు అక్కడే ఉన్నది. ఈ బోర్డులో మెమరీ మొదట్లో నాలుగు గదులు ఉంటాయి. వాటి చిరునామాలు 216, 224, 232, 240. ఒక్కొక్క ప్రాసెసర్‌కు ఒక్కొక్క గది. ద్వితీయ ప్రాసెసర్ ముందుగా డబ్ల్యూఎఫ్‌ఈ అనే ఆజ్ఞను నెరవేరుస్తుంది. సంకేతం వచ్చేవరకు ఆగు అని దాని అర్థం. మన ఉర్దూ విభాగం మిత్రులు ఇంతెజార్ అంటారు. సంకేతం వచ్చాక తన గదిని చూస్తుంది. గదిలో సున్న ఉంటే మళ్ళీ ఆగుతుంది. చిరునామా ఉంటే అక్కడికి దూకుతుంది. కావున మొదటి ప్రాసెసర్ చేయవలసిన పనులు రెండు: గదిలో చిరునామా రాయాలి, తరువాత ఎస్‌ఈవీ అనే ఆజ్ఞతో సంకేతం పంపాలి.

ఆమె రెండూ రాసింది. ఒక్కొక్క ప్రాసెసర్‌కు 4096 బైట్ల స్టాక్ కూడా వేరుగా కేటాయించింది. ప్రోగ్రామును కుదించే ఉత్సాహంలో ఉన్న నేను ఎస్‌ఈవీ పంక్తిని తీసివేసి నడిపాను. మూడు ప్రాసెసర్లూ వచ్చాయి. పదిమార్లు నడిపాను, పదిమార్లూ వచ్చాయి. అనవసరమైన పంక్తి అని నిర్ణయించాను.

"పడుకున్నవాణ్ణి లేపకుండా అన్నం వడ్డించి ఏం లాభం?" అని ఆమె అడిగింది.

"వాళ్ళు లేచే వస్తున్నారు కదా, చూడు" అన్నాను.

"వస్తున్నారు. ఎందుకు వస్తున్నారో నువ్వు చెప్పలేదు."

నేను చెప్పలేకపోయాను. అయినా పంక్తిని తిరిగి పెట్టలేదు. నడుస్తున్నది కదా అన్న మాటకు ఎదురుచెప్పడం కష్టం. ఆ మాటతో ఆమె నోరు మూయించానని ఇప్పుడు తెలుస్తున్నది.

శాఖలో సమీక్ష జరిగిన రోజున బోర్డుకు ప్రోగ్రాము ఎక్కించాము. మొదటి ప్రాసెసర్ తన పని చేసింది. మిగిలిన మూడింటి జాడ లేదు. తీసి పెట్టాము, తీగలు మార్చాము, విద్యుత్తు మార్చాము. అయిదుగురు అధ్యాపకుల ఎదుట తెరపై ఒక్క పంక్తి మాత్రం నిలిచి ఉన్నది. అదే ప్రోగ్రామును ఎమ్యులేటర్‌పై చూపితే నాలుగూ వచ్చాయి. ఇక తీర్పు ఏమై ఉంటుంది? ప్రోగ్రాము సరైనది, బోర్డు చెడిపోయినది. ఆ మాట ముందుగా అన్నది నేనే. మరునాడు ప్రయోగశాలలో రిజిస్టరు తెరిచి ఆమెను ప్రశ్నించారు: తడి చేతితో పట్టుకున్నావా, తీగ తలక్రిందులుగా పెట్టావా అని. అవసరమైతే ఖరీదు కట్టుకుంటానని ఆమె అన్నది. నేను పక్కనే ఉన్నాను. ప్రాజెక్టు నివేదికలో నేను స్వయంగా ఈ వాక్యం రాశాను: బోర్డులోని లోపం కారణంగా ప్రయోగాన్ని ఎమ్యులేటర్‌పై మాత్రమే ప్రదర్శించడమైనది. నివేదిక బైండు చేయించి సమర్పించాము.

మూడు వారాల తరువాత ప్రయోగశాల సహాయకులు ఆ బోర్డును పారవేసే ముందు ఒకమారు చూద్దామని అందులో మామూలు లినక్స్ కార్డు పెట్టారు. నాలుగు ప్రాసెసర్లూ పనిచేస్తున్నట్లు చూపింది. ఆ కబురు విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొదట క్యాష్‌ను అనుమానించాను. ఒక ప్రాసెసర్ రాసినది దాని క్యాష్‌లోనే నిలిచిపోయి అసలు మెమరీకి చేరకపోతే, క్యాష్ ఆపివేసిన స్థితిలో లేచేవాడికి అది కనిపించదు. ఎమ్యులేటర్‌లో క్యాష్ అనుకరణ లేదు గనుక అక్కడ ఆ దోషం బయటపడదు. కాని మా ప్రోగ్రాములో మొదటి ప్రాసెసర్ కూడా క్యాష్ లేకుండానే నడుస్తున్నది. ఆ దారి మూసుకున్నది. లినక్స్ ఇదే పనిని ఎట్లా చేస్తున్నదో చూడడం మిగిలింది. గదిలో చిరునామా రాస్తుంది, క్యాష్‌ను శుభ్రపరుస్తుంది, ఆ వెంటనే ఎస్‌ఈవీ. ఆ పంక్తిని చూసి నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

మరి ఎమ్యులేటర్‌లో ఎందుకు నడిచింది? మూలపాఠంలో జవాబు దొరికింది. మేము వాడిన కూర్పులో, ప్రాసెసర్‌కు ఒక దారం చొప్పున ఇచ్చి నడిపేటప్పుడు, డబ్ల్యూఎఫ్‌ఈ వస్తే ఎమ్యులేటర్ ఏమీ చేయదు. ఆగదు. తరువాతి ఆజ్ఞకు పోతుంది. ఈ ఆగడాన్ని పూర్తిగా అనుకరించాలంటే మరింత పని చేయవలసి ఉంటుందని దాన్ని రాసినవారే అక్కడ వ్యాఖ్యలో ఒప్పుకున్నారు. అది వారి లోపమని అనలేము. డబ్ల్యూఎఫ్‌ఈ నుంచి కారణం లేకుండానే మేల్కొనడానికి ఆర్మ్ నియమాలు ఒప్పుకుంటాయి. అందుకే అది ఎప్పుడూ వలయంలో ఉంటుంది, లేచినవాడు మళ్ళీ గది చూస్తాడు. ఎమ్యులేటర్ నియమం తప్పలేదు. తప్పినది నేను.

రంజాన్ నెలలో మా వీధుల్లో సహరీకి లేపేవారు తిరుగుతారు. తలుపు తట్టి, గొంతెత్తి పిలిచి పోతారు. వంట సిద్ధంగా ఉండి, పళ్ళెం పెట్టి ఉండి, లేపేవాడు రాకపోతే గాఢనిద్రలో ఉన్నవాడికి ఆ అన్నం అందదు. బోర్డుపై జరిగినది అదే. ఎమ్యులేటర్‌లో మాత్రం ఎవరూ నిద్రపోవడమే లేదు. మూడు ప్రాసెసర్లూ రాత్రంతా మేలుకుని క్షణక్షణం వంటింట్లోకి తొంగిచూస్తున్నాయి. వాటిని ఎవరు లేపాలి? నేను చూసినది నా ప్రోగ్రాము గొప్పతనం కాదు, వాటి నిద్రలేమి.

ఆమెకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. విన్న పిమ్మట కోపగించుకోలేదు. అది మరింత కష్టంగా తోచింది. "ప్రయోగశాలలో చెప్పావా?" అని మాత్రం అడిగింది. చెప్పలేదని అన్నాను. ఆ మధ్యాహ్నమే ఇద్దరం వెళ్ళాము. రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా ఎర్రసిరాతో రాసిన 'పాడైనది' అన్న మాటను కొట్టివేయించాము. మా నివేదిక గ్రంథాలయంలో ఉన్నది. విభాగాధిపతి అనుమతితో ఆ వాక్యమున్న పుటపై నేను ఒక చీటీ అతికించాను: బోర్డులో లోపం లేదు, ఎస్‌ఈవీ ఆజ్ఞను ఈ నివేదిక కర్తలలో మొదటివాడు తొలగించినందువల్ల ప్రయోగం విఫలమైనది, దాన్ని తొలగించవద్దని రెండవవారు ముందే చెప్పి ఉన్నారు. జిగురు ఊడిపోవచ్చు. అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను.

ఆనాడు ప్రయోగశాల నుంచి కదలకముందే పంక్తిని తిరిగి పెట్టి బోర్డును నడిపాము. లేచిన ప్రతి ప్రాసెసర్ తనకు కేటాయించిన గదిలో ఒక గుర్తు రాస్తుంది. మొదటి ప్రాసెసర్ ఆ గుర్తులను వరుసగా తిరిగి చూస్తూ, కనబడిన వెంటనే దాని సంఖ్యను తెరపై వేస్తుంది. ఒకటి పడింది. తరువాత మూడు. కొంచెం ఆలస్యంగా రెండు.

"రెండవది బద్ధకస్తు" అన్నది ఆమె, బోర్డును పెట్టెలో పెడుతూ.